డ్రైవరు సీటు ఎవరి కొలతకు? పాత స్పోర్ట్స్ కార్లపై ఒక విమర్శ

ఈ పాఠం చదివిన తరువాత మీరు ఒక వాహనం పైరూపాన్నీ, లోపలి అమరికనూ వేర్వేరుగా పరిశీలించగలుగుతారు. నచ్చింది, నచ్చలేదు అనే అభిప్రాయానికి కారణం చూపగలుగుతారు.

1. విమర్శకుడు ఎక్కడ కూర్చున్నాడు?

విద్యార్థులారా, ముందుగా నా పొరపాటు ఒకటి చెబుతాను. మచిలీపట్నం నుంచి గుడివాడకు బాడుగ కార్లలో ఎన్నోసార్లు వెళ్లాను. కార్ల అందచందాల గురించి తరగతిలో ఉత్సాహంగా మాట్లాడేవాణ్ణి. ఒకరోజు డ్రైవరు తన నడుము వెనుక తువ్వాలు మడిచి పెట్టుకోవడం చూసి, ఎందుకని అడిగాను. “ఇది లేకపోతే గుడ్లవల్లేరు చేరేసరికి నడుం పట్టేస్తుందండీ” అన్నాడు. అన్నేళ్లూ నేను వెనుక సీటులో కూర్చునే కారును విమర్శించానని అప్పుడు అర్థమైంది. ఆ తువ్వాలు నా వ్యాఖ్యానాల కంటే మంచి విమర్శ.

2. మూడు ప్రశ్నలు

మనిషి శరీరానికి తగినట్లు పనిని, పనిముట్టును అమర్చే శాస్త్రాన్ని ఎర్గోనామిక్స్ అంటారు. పని, నియమం అనే అర్థాలున్న రెండు గ్రీకు మాటల నుంచి ఈ పేరు వచ్చింది. డ్రైవరు సీటును అంచనా వేయడానికి మూడు ప్రశ్నలు చాలు. వీపు సీటును వదలకుండా చేయి స్టీరింగును, గేరును అందుకుంటుందా? మోకాలు కొద్దిగా వంగి ఉండగానే పాదం క్లచ్‌ను చివరిదాకా తొక్కగలదా? మెడ వంచకుండా కంటికి రోడ్డు కనిపిస్తుందా?

3. అందం అడిగిన మూల్యం

స్పోర్ట్స్ కారు అంటేనే నడిపేవాడి కోసం చేసిన కారు. కాబట్టి అందులో డ్రైవరు సుఖంగా ఉంటాడని అనుకుంటాం. 1961లో వచ్చిన జాగ్వార్ ఈ-టైప్‌ను గమనించండి. దాని ఎత్తు సుమారు 4 అడుగులే. కప్పు దిగితే తల దిగాలి. తల దిగితే వీపు వెనక్కి వాలాలి. వీపు వాలితే కాళ్లు ముందుకు చాచాలి. తొలి కార్లలో నేల చదునుగా ఉండటం వల్ల పొడుగాటివారి పాదాలకు, మోకాళ్లకు చోటు చాలలేదు. 1962లో పాదాల దగ్గర నేలను పల్లంగా మార్చారు. బయటి గీత చెక్కుచెదరలేదు, లోపలి నేల మారింది. అంటే శరీరం చేసిన ఫిర్యాదును తయారీదారే ఒప్పుకున్నట్లు.

చేతుల సంగతి కూడా చూడండి. పాత రేసు కార్లలో స్టీరింగు బరువుగా ఉండేది. మోచేతులు వంచి, చక్రానికి దగ్గరగా కూర్చుని, భుజబలంతో తిప్పేవారు. 1950లో తొలి ఫార్ములా వన్ ప్రపంచ విజేత అయిన ఫరీనా వెనక్కి వాలి, చేతులు చాచి నడిపే తీరుకు ప్రసిద్ధుడు. తరువాత అది ఒక ఫ్యాషన్ అయింది. చూడటానికి అది దర్జాగానే ఉంటుంది. కానీ చాచిన చేతులతో చక్రాన్ని ఎక్కువగా తిప్పాలంటే భుజం సీటును వదిలి ముందుకు రావాలి. మన మొదటి ప్రశ్నకు ఇక్కడ జవాబు “లేదు”.

దీనికి ఎదురువాదం లేకపోలేదు. కిందికి కూర్చుంటే కారు బరువు నేలకు దగ్గరవుతుంది, మలుపులో కారు తక్కువగా ఒరుగుతుంది, టైరు జారడం నడుముకే తెలుస్తుంది. ఈ వాదనలో బలం ఉంది. అయితే అది సీటు ఎత్తును మాత్రమే సమర్థిస్తుంది. నడుము వంపుకు ఆనిక లేకపోవడాన్ని, పాదానికి చోటు చాలకపోవడాన్ని సమర్థించదు.

4. ఒకే చట్రం, రెండు సీట్లు

మనకు దగ్గరి ఉదాహరణ స్టాండర్డ్ హెరాల్డ్. ఇటలీ రూపశిల్పి మికెలొట్టి గీసిన ట్రయంఫ్ హెరాల్డ్ 1959లో బ్రిటన్‌లో వచ్చింది. 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ పేరుతో తయారైంది. అదే చట్రాన్ని కురచ చేసి 1962లో స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు చేశారు. ముందు, వెనుక చక్రాల మధ్య దూరం సుమారు 2.32 మీటర్ల నుంచి 2.11 మీటర్లకు తగ్గింది. హెరాల్డ్‌లో నిటారుగా కూర్చుంటాం, చుట్టూ అద్దాలు, సన్నని స్తంభాలు. సుమారు 25 అడుగుల వృత్తంలో తిరగగలదు. దివిసీమలో కాలువ గట్టు మీద కారు తిప్పవలసి వచ్చినవారికి ఆ అంకె విలువ చెప్పనక్కరలేదు. స్పిట్‌ఫైర్‌లో కాళ్లు చాచి, నేలకు దగ్గరగా కూర్చోవాలి. ఎదురుగా వరిగడ్డి లోడు ట్రాక్టరు వస్తే దాని అవతల ఏముందో కనపడదు. నా తీర్పు ఇది: పేరు స్పోర్ట్స్ కారుదైనా, మన రోడ్డు మీద డ్రైవరును ఎక్కువగా గౌరవించినది హెరాల్డే.

అయినా హెరాల్డ్ కథలో ఒక పాఠం ఉంది. బ్రిటన్‌లో రెండు తలుపులతోనే ఉన్న ఆ కారుకు మద్రాసులో తరువాత నాలుగు తలుపులు పెట్టారు. అవసరమైన మార్పే. కానీ అది ఎవరి కోసం? వెనుక కూర్చునేవారి కోసం. మన దేశంలో చాలాచోట్ల కారు కొన్నవాడు వెనుక కూర్చున్నాడు, జీతగాడు ముందు కూర్చున్నాడు. అక్కడ డ్రైవరు ఒళ్లు గీత ముందు ఓడింది. ఇక్కడ వెనుక సీటు ముందు ఓడింది.

5. ముగింపు

ఇది పాత కార్ల ముచ్చట మాత్రమే కాదు. గుడివాడలో షేర్ ఆటో ఎక్కినప్పుడు చూడండి. డ్రైవరుకు ఇరువైపులా ప్రయాణికులు కూర్చుంటే, ఆయన అంచు మీద ఒరిగి హ్యాండిల్ పట్టుకుంటాడు. మన మూడు ప్రశ్నల్లో ఎన్నిటికి అక్కడ “అవును” అనగలం? మీలో కొందరు పగలు వాహనం నడిపి, రాత్రి ఈ పాఠాలు చదువుతున్నవారే. ఈ విషయంలో మీ నడుము నా పట్టా కంటే ఎక్కువ చదివింది. దాని సాక్ష్యాన్ని మీ విమర్శలో రాయడానికి సంకోచించకండి.

అభ్యాసం: మీకు అందుబాటులో ఉన్న ఆటో, ట్రాక్టరు, బస్సులలో ఒకదాని డ్రైవరుతో మాట్లాడండి. పై మూడు ప్రశ్నలు అడిగి, ఆయన సొంతంగా చేసుకున్న మార్పులు (దిండు, తువ్వాలు, అదనపు అద్దం) గుర్తించండి. ప్రతి మార్పూ తయారీలోని ఏ లోపాన్ని చూపుతుందో ఒక పుటలో వివరించండి.