గిన్నె మీద పేరు

పోయిన నెల పిన్ని కూతురి పెళ్ళికి స్టీలు సామాను కొనడానికి బేగం బజార్ వెళ్ళాం. బేరం తెగాక కొట్టతను పేర్లు చెక్కే మిషన్ చేతిలోకి తీసుకుని, "ఏం పేరు కొట్టాలమ్మా?" అన్నాడు. పిన్ని తడుముకోకుండా బాబాయి పేరు చెప్పింది. గిన్నెలు ఎంచిందీ, బేరమాడిందీ, డబ్బు కూడబెట్టిందీ ఆవిడ! ఆ బజారు స్థలాన్ని వర్తకులకిచ్చింది నిజాం అలీఖాన్ భార్య హుమ్‌దా బేగం అంటారు. బజారు పేరులో బేగం ఉంది, హుమ్‌దా లేదు.

ఆ రాత్రి ఓల్గా 'విముక్త' మళ్ళీ తీశాను. 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు పొందిన ఈ సంపుటిలో శూర్పణఖ, అహల్య, రేణుక, ఊర్మిళ సీతకి ఎదురవుతారు. రామాయణం ఎందరో కలిసి కట్టుకున్న లోకం. ఎవరైనా అందులోకి వెళ్ళి, ఓ మూల నిలబడ్డ మనిషిని పలకరించొచ్చు. వాల్మీకి ఊర్మిళని పెళ్ళిపీటల మీద చూపించి, ఆ తర్వాత దాదాపు మరిచిపోయాడు. ఆ పద్నాలుగేళ్ళూ ఆమె ఏం చేసింది? నిద్రపోయిందన్నాయి మన ఆడవాళ్ళ పాటలు. కాదు, తలుపులు మూసుకుని తనతో తాను పోరాడిందంటుంది ఓల్గా. నిద్రని ఆలోచనగా మార్చడం చిన్న విషయం కాదు.

అయినా నాకో పేచీ ఉంది. ఈ స్త్రీలు సీతకి దారి చూపడానికే వస్తారు, చెప్పవలసింది చెప్పి తప్పుకుంటారు. ఇది సోదరీత్వమే, ఒప్పుకుంటాను. కానీ పక్కపాత్ర మళ్ళీ పక్కపాత్రగానే మిగిలిపోయింది కదా! 'ఊర్మిళాదేవి నిద్ర' పాటలో అలా కాదు. లక్ష్మణుణ్ణి చెల్లెలి దగ్గరకు పంపమని రాముణ్ణి అడగడం వరకే అక్కడ సీత పని. మిగతా కథంతా ఊర్మిళది. పక్క మీదకొచ్చిన మగవాణ్ణి మొగుడని పోల్చుకోలేక ఆమె కడిగేస్తుంది. చివరికి కాపురంలోనే కలిసిపోతుంది, నిజమే. పాట ఆమెకి కథనిచ్చింది, ఓల్గా ఆలోచననిచ్చింది. నాకు ఆ రెండూ ఉన్న ఊర్మిళ కావాలి.

ఇంత అడుగుతున్న నేను చేసిందేమిటి? ఆ పాట నాకు పాడి వినిపించింది మా అమ్మమ్మ. నా పిహెచ్‌డి సిద్ధాంత గ్రంథంలో ఆవిణ్ణి 'ఒక వృద్ధురాలు' అని రాశాను. అలా రాస్తేనే పరిశోధనలా ఉంటుందనుకున్నాను.

ఆటోలో గిన్నెల మూట ఒళ్ళో పెట్టుకున్న పిన్నిని అడిగాను, "నీ పేరెందుకు కొట్టించలేదు?" అని.

"ఎవరు చూస్తారే?" అంది.

గ్రంథాన్ని పుస్తకంగా వేసేముందు ఆ ఒక్క వాక్యం దిద్దాలి.