రెండు వలయాలు ఒకటైన చోట

వేదాద్రి మెట్ల మీద కూర్చుని, సర్వీసై వచ్చిన పాత జైస్ జెనా దుర్భిణిలోంచి కృష్ణను చూడాలి. ఒడ్డున తుమ్మకొమ్మ మీది లకుముకి పిట్ట ఎనిమిది రెట్లు దగ్గరవుతుంది. గొంతు కింది తెలుపు, వీపు మీది నీలం, తడిసిన ఎర్రముక్కు దేనికది నిలుస్తాయి. వాటికన్నా అందమైనది పిట్టకూ నీళ్లకూ, నీళ్లకూ అవతలి పల్నాటి గట్టుకూ నడుమ పరుచుకున్న దూరం. పాత దుర్భిణిలో పెద్ద కటకాలు మన కళ్ల ఎడం కన్నా వెడంగా ఉంటాయి, అందుకే దృశ్యం పొరలు పొరలుగా తెరుచుకుంటుంది. నిటారు గొట్టాల కొత్త దుర్భిణులు ఎంత ఖరీదైనవైనా ఇంత లోతు చూపలేవు.

కటకం తలకిందులు చేసిన బొమ్మను రెండు ప్రిజాలు నాలుగు మలుపులు తిప్పి నిలబెడతాయి. ఇటలీవాడు ఇగ్నాజియో పోరో 1854లో పేటెంటు పొందిన ఈ అమరికను 1894లో జర్మన్ కంపెనీ జైస్ బజారుకు తెచ్చింది. అద్దం మీద మెరిసే నీలి ఊదా పూతను 1935లో ఆ కంపెనీలోనే అలెగ్జాండర్ స్మకులా కనిపెట్టాడు.

ఇంత సుకుమారమైన వస్తువుకు మన వానాకాలపు చెమ్మ పగ. జగ్గయ్యపేటలోనో నందిగామలోనో పాత బీరువాలో తోలుపెట్టె దొరికితే, దుర్భిణిని వెలుతురుకు పట్టి పెద్ద కటకం వైపు నుంచి లోపలికి చూడండి. ప్రిజం మీద బూజు సన్నని వేళ్లలా పాకి ఉండవచ్చు. దాన్ని తుడవడం సగం పనే. ప్రిజం వెంట్రుకవాసి జరిగినా కంటికో బొమ్మ కనిపించి తల పోటెత్తుతుంది. కటకం చుట్టూ ఉన్న జంట రింగులను కొద్దికొద్దిగా తిప్పుతూ రెండు బొమ్మలనూ కలపాలి. ఈ పనికి తగిన బల్ల, కొలతలు, అలవాటైన చెయ్యి కావాలి. అలా బాగుపడిన దుర్భిణిని కళ్లకు ఆనించగానే రెండు వలయాలూ ఒకటై, చేతిలో గొట్టాలున్న సంగతే మరిచిపోతాం. మరమ్మతు కూడా కళే అని నేను నమ్మేది ఆ క్షణంలోనే.

జర్మనీ రెండై మళ్లీ ఒకటైనట్టే జైస్ కూడా చీలి కలిసింది. ఆ దూరదేశపు కథ సరే, మన బందరుకు ఈ కటకాల విద్య కొత్తా? 1926లో అక్కడ పుట్టిన ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీని 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ తీసుకుని, సైన్యానికి చీకట్లో చూసే పరికరాలు చేసింది. మన ఇళ్లలోని పాత దుర్భిణులకూ బందరులో ఒక సర్వీసు బల్ల వేయాలి. అందాకా మీ దుర్భిణికి స్క్రూడ్రైవరు తగలనివ్వకండి. దాని మీది నంబరు రాసుకుని ముందు తయారీదారుకే రాయండి.