విశాఖపట్టణపు దంతపు వ్రాతబల్ల: నామవిచారము, గుణవిచారము

చెన్నపట్టణమున గవర్నరులుగను వర్తకసంఘోద్యోగులుగను నుండి ధనికులై స్వదేశమునకు మరలిన యాంగ్లేయుల ప్రాచీనభవనములందును, లండనులోని విక్టోరియా ఆల్బర్టు వస్తుప్రదర్శనశాల వంటి చోటులందును, పదునెనిమిదవ శతాబ్దినాటి యొక జాతి వ్రాతబల్లలు భద్రపరుపబడి యున్నవి. మీదిమూత వాలుగా నుండును. దానిని ముందునకు దించినచో నదియే వ్రాతకు పలక యగును. లోపల కాగితములకు గూళ్లును చిన్న సొరుగులును, క్రింద పెద్ద సొరుగులును గలవు. ఈ యాకృతి కేవల మాంగ్లేయము. కఱ్ఱయందు పొదిగిన దంతపుతీగెలు, ఆకులు, పూవులు మాత్ర మాంగ్లేయములు కావు. అవి విశాఖపట్టణపు కంసాలుల చేతిపని. వస్తువుల జాబితాలలో వీనికి ‘ఆంగ్లో-ఇండియను’ అనియు, ‘విజగపటం పని’ అనియు రెండు పేళ్లు కానవచ్చును. రెండును విచారణీయములే.

మొదటిది సమాసము. ద్వంద్వమందు రెండు పదములకును ప్రాధాన్యము గలదు. కర్మధారయమందు నొక వస్తువే యాంగ్లేయమును భారతీయమును గావలయును. ఈ రెండర్థములలో దేనిని గ్రహించినను బల్లకు హాని లేదు. కాని జాబితాకారులు దీనిని షష్ఠీతత్పురుషము వలె వాడుచున్నారు: ఆంగ్లేయుల యొక్క భారతీయవస్తువు అని. అందుచే స్వామి తెలియును, కర్త తెలియడు. బల్ల యే గవర్నరు నింట నుండెనో, యే వేలమున నెవరు కొనిరో వంశవృక్షము వలె వ్రాయబడును. పొదిగినవాని పేరుండవలసిన చోట నూరి పేరుండును.

రెండవ పేరు మేలని తోచును గాని యదియు సందిగ్ధమే. ఒకచోట పుట్టినది, ఒకచోటినుండి వచ్చినది, ఒకనిచే చేయబడినది అను నర్థములను పాణిని వేర్వేరుగ గ్రహించి తద్ధితములను విధించెను. కుమ్మరి మొదలగువారు చేసిన వస్తువులకు ప్రత్యేకముగ నొక గణమే కలదు. కౌలాలక మనగా కుమ్మరి చేసినది. రెండువేల యేండ్లకు పూర్వపు వ్యాకరణమున కుండ చేసినవానికి దొరకిన స్థానము, నేటి జాబితాలో దంతము పొదిగినవానికి దొరకకపోవుట వింత. ‘విజగపటం’ అనునపుడు కొనువాని మనసునం దుండునది ‘అచటినుండి వచ్చినది’ అను నర్థమొక్కటియే. మిరియమునకును దంతమునకును నట్టి పేరు చాలును గాని శిల్పమునకు చాలదు.

ఆంగ్లేయుల వర్తకస్థాన మీ పట్టణమున పదునేడవ శతాబ్దియం దేర్పడెను. అద్దకపుబట్టలకై వచ్చిన యోడలే యీ బల్లలకును దారి చూపినవి. జాన్ కార్నెయిల్ అను సైనికోద్యోగి 1756లో నీ పట్టణమును గూర్చి వ్రాయుచు నిచటి పొదుగుపనిని మిక్కిలి ప్రశంసించెను. అప్పటికే యా పని పేరొందినదని దీనివలన నేర్పడుచున్నది. చెన్నపట్టణపు గవర్నరుగా 1773 మొదలు 1775 వఱకు నుండిన అలెగ్జాండరు విన్చి సొత్తు 1781లో వేలము వేయబడగా, నందలి దంతపు కుర్చీలను మూడవ జార్జి రాజు తన రాణికై కొనెను. ఆ రాణి మరణానంతర మవి బ్రైటనులోని రాజభవనమునకు చేరినవి.

ఇక గుణవిచారము. దీనికి ముందుగా రెండు క్రియలను వేఱుపఱుపవలయును. కఱ్ఱను చిత్రముయొక్క యంచుల వెంబడి తొలిచి, యా గుంటకు సరిగ కోసిన దంతపుముక్కను కూర్చి, రెండును నొక్క మట్టమగునట్లు నునుపు చేయుట మొదటిది. పలుచని దంతపుఱేకులతో కఱ్ఱ నంతయు కప్పివేయుట రెండవది. తెలుగున మొదటిదానికి పొదుగుట యనియు, రెండవదానికి తాపడము చేయుట యనియు చెప్పుట యుక్తము. ధ్వజస్తంభమునకు ఇత్తడిఱేకు తాపడము చేయుదురు గాని పొదుగరు. ఉంగరమున రాతిని పొదుగుదురు. పక్షి గ్రుడ్లను పొదుగుననుటయు నీ ధాతువునకే చెల్లును. ఒకటి వేఱొకదాని యొడిలో నిముడుట యుభయత్ర సమానము. నిఘంటువులందు తాపడమున కీ రెండర్థములును కలిపి చెప్పబడుటచే గలిగిన సంకరము బల్లల వర్ణనలోనికిని ప్రాకినది. పొదిగినదానిని తాపడమనియు, తాపడమును పొదుగనియు వ్రాసినచో చదువరికి వస్తువే మాఱిపోవును.

శతాబ్ది పూర్వభాగపు బల్లలు పొదిగినవి. ఇరుగుడు మొదలగు చేవకఱ్ఱల నల్లదనమే వానికి భూమిక. ప్రతి సొరుగు నంచునను సన్నని పూలతీగె నడచును. మూతనడుమ నొక పూగుత్తి విరియును. దంతముపై సన్నని గీతలు గీచి నల్లలక్క నింపుటచే నాకునకు ఈనెలును, పూరేకునకు మడతలును వచ్చినవి. ఈ తీగెల నడక యీ తీరపు టద్దకపుబట్టల నడకయే. బట్టపై కలముతో సాగిన చేయి కఱ్ఱపై నులితో సాగినది. మూత తెఱచినపుడు వ్రాయువాని చేతిక్రింద మిట్టపల్లము లేదు. అలంకారము వ్రాతకు అడ్డురాదు. ప్రత్యేకమైన యత్నము వలన గాక రసముతో పాటు పుట్టినదే యలంకారమని ఆనందవర్ధనుడు కావ్యమునకు చెప్పిన నియమ మీ సొరుగుటంచులకును చెల్లుచున్నది. తీగెను తీసివేసినచో నచట నుండునది బల్ల గాదు, గుంటలు.

శతాబ్ది యుత్తరభాగమున తాపడము ప్రబలెను. చందనపుఁజెక్కపై దంతపుఱేకు పఱచి, దానిపై సీమనుండి వచ్చిన ముద్రితచిత్రములను జూచి భవనములను, చెట్లను, స్తంభములను గీచిరి. పెట్టెలును, చిన్న బల్లలును నిట్టివి పెక్కులు గలవు. గీత యం దేలోపమును లేదు. పూర్వులకంటె సూక్ష్మతరమని యొప్పుకొనవలసినదే. కాని దంతము కాగితమైనది. కఱ్ఱ కనబడదు, కావున దంతమునకు తెలుపుదన మేల వచ్చెనో చెప్పునది లేదు. విశేష్యమును మ్రింగిన విశేషణ మిది. ధరను బట్టి గుణము నెంచువారి కీ రెండవజాతియే శ్రేష్ఠముగ తోచుట సహజము. దంతము బరువు దానియందే యెక్కువ గదా!

ఆకృతి యాంగ్లేయ మగుటచే నీ బల్లలు వట్టి యనుకరణములని యొక యాక్షేపము గలదు. అది నిలువదు. ‘అలమారు’ పోర్చుగీసు శబ్దము. దానికి ‘అలమారులో’, ‘అలమారునకు’ అని తెలుగు విభక్తులు చేర్చి తెలుగువాక్యమున నిలిపిన పిమ్మట నన్యదేశ్యమని దాని నెవ్వరును వెలివేయరు. ప్రాతిపదిక యెచటిదైనను వాక్యమును నడపునది విభక్తి. బల్లయందు వాలుమూతయు సొరుగులును ప్రాతిపదికము. దానిని తెలుగుసీమకు జెందించిన విభక్తి యా తీగె. నిజముగ ననుకరణదోషము తగులునది సీమచిత్రమును మక్కికి మక్కి దించిన రెండవజాతికి. అందు ప్రాతిపదికమును విభక్తియు రెండును పరకీయములు.

ఈ విద్య మరల నీ రూపమున సాగదు. 1972నాటి వన్యప్రాణిసంరక్షణశాసనమునకు 1986లోను 1991లోను జరిగిన సవరణలచే దంతవ్యాపారము మన దేశమున నిషిద్ధమైనది. ఏనుగు బ్రదుకవలయును గనుక నిషేధము న్యాయమే. అందుచే నిలిచియున్న బల్లలే లక్ష్యములు, వాని వర్ణనలే లక్షణములు. వర్ణన తప్పినచో సవరించుటకు పనివాని చేయి లేదు. కావున జాబితాలందును, పాఠశాలలలో చెప్పు పాఠములందును నీ బల్ల నిట్లు వర్ణించుట యుచితము: విశాఖపట్టణమున కంసాలులు చేసినది, ఆకృతి యాంగ్లేయము, చేవకఱ్ఱ, దంతము పొదిగి, గీతలయందు నల్లలక్క నింపినది. తాపడమైనచో ‘పొదిగి’ యనుచోట ‘తాపడము చేసి’ యని మార్చిన చాలును.