బలమైన కాలికి సెలవు

హైదరాబాద్‌లో ఒకప్పుడు విచిత్రమైన ఫుట్‌బాల్ పోటీలు జరిగేవి. కొన్నింటిలో కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితోనే తన్నాలి. మరికొన్నింటిలో డ్రిబ్లింగ్ కూడదు, బంతి అందగానే పాస్ ఇచ్చేయాలి. చూడవచ్చినవాళ్లకు ఎంత వినోదమో గానీ, వాటిని పెట్టించిన సయ్యద్ అబ్దుల్ రహీంకు అదొక పాఠం. ఆటగాడు దేన్ని నమ్ముకుని ఆడుతున్నాడో దాన్నే కాసేపు లాగేసుకునేవారు. అప్పుడు గానీ మిగతా ఒళ్లు పనిలోకి రాదు.

1909లో హైదరాబాద్‌లో పుట్టిన రహీం ఉస్మానియా జట్టుకు ఆడారు, బడిపంతులుగా బతికారు. 1950 నుంచి సిటీ పోలీస్ జట్టునూ, భారత జట్టునూ తీర్చిదిద్దారు. ఆ పోలీసులు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్‌ను ఎవరికీ వదల్లేదు. గెలుపులు సరే, నాకు ఆయన పంతులుతనమే ఎక్కువ నచ్చుతుంది. సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం ప్రాక్టీసుకు రావడానికి దారిఖర్చు లేదంటే, సైకిల్ అద్దెకు డబ్బులిచ్చి రప్పించుకున్నారు. ఆ కుర్రాడే తర్వాత భారత ఫార్వర్డ్.

అన్నీ విజయాలే కావు. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చిన జట్టు, మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 1-10తో చిత్తయింది. మనవాళ్లలో చాలామంది కాళ్లకు బూట్లు లేవు. నాలుగేళ్లకు మెల్‌బోర్న్‌లో అదే భారత్ సెమీఫైనల్ ఆడింది.

రహీం పనితనం చూడాలంటే 1962 జకార్తా ఆసియా క్రీడలు చూడాలి. తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా మనల్ని 2-0తో ఓడించింది. తర్వాత థాయ్‌లాండ్‌తో ఆడుతుండగా డిఫెన్స్‌కు ఆయువుపట్టయిన జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. మరో కోచ్ అయితే అతణ్ని కూర్చోబెట్టేవాడు, లేదా కుట్లతోనే పాత చోట నిలబెట్టేవాడు. రహీం అతణ్ని సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపారు. వెనక ఒక్క తడబాటు గోల్ అవుతుంది. ముందు తడబడితే పోయేది ఒక అవకాశమే. పైగా ఆ భారీ మనిషిని కాయడానికి అవతలివాళ్లు తమ బలగాన్ని ఖర్చుపెట్టాలి. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంపై జర్నైల్ గోల్ చేశాడు.

ఫైనల్లో మళ్లీ కొరియానే. ఈసారి గోల్‌కీపర్‌నూ మార్చారు: ప్రద్యుత్ బర్మన్ బదులు పొడగరి పీటర్ తంగరాజ్. స్టేడియమంతా మనకు వ్యతిరేకంగా అరుస్తుండగా పి.కె. బెనర్జీ ఒకటి, వెనువెంటనే జర్నైల్ ఇంకొకటి కొట్టారు. చివర్లో కొరియా ఒకటి తిప్పికొట్టినా 2-1తో స్వర్ణం మనది. 2024 నాటి హిందీ చిత్రం ‘మైదాన్’లో ఈ ఉద్వేగమంతా ఉంది.

అప్పటికే రహీంను క్యాన్సర్ పట్టుకుంది. 1963 జూన్ 11న కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మరో స్వర్ణం ఇప్పటికీ రాలేదు.