ఆడించాలా, ఆపి ఉంచాలా?

సాలార్‌జంగ్ మ్యూజియంలో పన్నెండు కొట్టే వేళకు జనమంతా ఒకచోట గుమిగూడతారు. కుక్ అండ్ కెల్వీ గడియారంలోంచి గడ్డం బొమ్మ బయటికొచ్చి, గంట కొట్టి, లోపలికి పోతుంది. కమ్మరి బొమ్మ సెకనుకో దెబ్బ వేస్తూనే ఉంటుంది. 1951లో తెరిచిన ఈ మ్యూజియంలోనే ఆయుధాల గది కూడా ఉంది. అక్కడి తుపాకులను పేల్చి చూపించమని ఎవరూ అడగరు. గడియారాన్ని కాపాడటమంటే ఆడించడం, తుపాకిని కాపాడటమంటే ఉన్నదున్నట్టు ఉంచడం. పాత స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ ఈ రెంటి మధ్యా పడింది. పేరుకు తుపాకే గాని, లోపల చూస్తే గడియారానికి దగ్గరి చుట్టం.

జర్మనీలోని రాస్టాట్‌లో తయారైన డయానా 27నే తీసుకుందాం. గొట్టం వంచితే పిస్టన్ వెనక్కి జరిగి స్ప్రింగ్ నొక్కుకుంటుంది. ట్రిగ్గర్ లాగగానే పిస్టన్ ముందుకు దూకి సిలిండర్‌లోని గాలిని పిండుతుంది. పెల్లెట్‌ను తోసేది ఆ గాలే. పాత తరం తుపాకుల్లో పిస్టన్ మూతికి తోలు వాషర్ ఉండేది. ఏళ్ల తరబడి అటక మీద పడుంటే అది ఎండి బిగుసుకుపోతుంది, గాలి పక్కల నుంచి జారిపోతుంది. తిట్లు మాత్రం స్ప్రింగ్‌కే.

బజారు మరమ్మతు చాలాసార్లు ఇక్కడే దారి తప్పుతుంది. దమ్ము తగ్గిందనగానే ఇంకా లావు స్ప్రింగ్ ఎక్కిస్తారు. గొట్టం వంచడం కష్టమవుతుంది, కుదుపు పెరుగుతుంది, ట్రిగ్గర్ కొక్కెం అరుగుతుంది. వేగం అనుకున్నంత పెరగదు. సిలిండర్‌లో పట్టే గాలి అంతేగా! ఆపైన ఎమరీ కాగితం. పురానాపూల్ దగ్గరి జుమ్మేరాత్ బజార్ లాంటి పాతసామాను సంతల్లో మెరుపుకే ధర. నీలిపూతా, కంపెనీ ముద్రా కలిసి పొడైపోతాయి. సేకర్త అయితే తుప్పును నూనెగుడ్డతో తుడిచి ఆపుతాడు, గీతలను వదిలేస్తాడు. ఇనుము పైభాగం వరకూ నా ఓటు మ్యూజియం పద్ధతికే. చెరిగిన ముద్రను ఏ ఉస్తాదూ తిరిగి తేలేడు.

తోలు దగ్గర లెక్క తిరగబడుతుంది. సేకర్త విదేశీ సీలు కోసం నెలలు ఎదురుచూస్తాడు. తోలు పనిలో చేయి తిరిగినవాడు ముక్కను గుండ్రంగా కోసి, తడిపి, అచ్చులో నొక్కి గిన్నెలా మలుస్తాడు. ఆరాక అంచు సరిచేసి నూనెలో నానబెడతాడు. గాలి ఒత్తిడికి ఆ అంచు విచ్చుకుని సిలిండర్ గోడను అంటిపెట్టుకుంటుంది. అసలు పనితనం అదీ! కాకపోతే మళ్లీ పైనుంచి ధారగా నూనె పోస్తేనే చేటు. నొక్కుకున్న గాలి వేడికి నూనె అంటుకుని ఠాప్‌మంటుంది, పొగ వస్తుంది. అమాయకులు దాన్ని బలమనుకుంటారు.

అందుకే లోపలి భాగాన్ని గడియారంలా ఆడించాలి, పైభాగాన్ని ఆయుధాల గదిలో వస్తువులా ముట్టకుండా ఉంచాలి. అన్నీ సరిచేశాక కొనేవాడి ముందు పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ నొక్కడం ఇంకో దురలవాటు. ఎదురు నిలిచే గాలి లేక పిస్టన్ సూటిగా సిలిండర్ చివర గుద్దుకుంటుంది. కొత్త స్ప్రింగ్‌నూ, అంత శ్రమపడి మలిచిన వాషర్‌నూ పాడుచేయడానికి అలాంటి ప్రదర్శనలు కొన్ని చాలు.