గబ్బిలానికీ క్రీస్తుకీ మధ్య గోడ

జాషువా సాహిత్యాన్ని మన విమర్శ రెండు వాటాలేసింది. 1941 నాటి ‘గబ్బిలం’ కులం ఖాతాలోకి, 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి పొందిన ‘క్రీస్తు చరిత్ర’ మతం ఖాతాలోకి పోయాయి. ఈ పంపకం మేం ఒప్పుకోం.

గబ్బిలంలో అరుంధతీసుతుడికి గుడి గడప తొక్కే వీల్లేదు. తన గోడు శివుడి చెవిన వెయ్యమని గబ్బిలాన్ని బతిమాలుకుంటాడు. క్రీస్తు కథలో దేవుడే పశువులపాకలో పుట్టి, వడ్రంగి ఇంట పెరుగుతాడు. దేవుడి దగ్గరకు పోనివ్వని మనిషినీ, మనిషి దగ్గరకే వచ్చిన దేవుణ్ణీ రాసింది ఒక్క బడిపంతులే. అంటరానివాడని ఒకవైపు, హిందూ పురాణాలు రాస్తాడని మరోవైపు ఆయన్ని తప్పుపట్టారు.

ఆ రెండు దెబ్బలూ మాకు తెలుసు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం తీసుకున్న దళితుడు షెడ్యూల్డ్ కులస్తుడు కాడు. వాడలో ఎవరూ వాణ్ణి అగ్రకులస్తుడనుకోరు గదా! అందుకే ఆదివారం చర్చిలో మోకరించే మావాళ్లు ఎందరో బడి రిజిస్టరులో హిందువులు. ఇంట్లో పిలిచే పేరొకటి, సర్టిఫికెట్లో పేరొకటి.

గబ్బిలం పాఠం చెప్పే టీచర్లు దాని సరసన క్రీస్తు చరిత్రనూ పెట్టి చెప్పాలి. వెనక బెంచీలో పిల్లవాడు అప్పుడైనా తన రెండో పేరు పైకి చెబుతాడు.