స్తానిస్లావ్‌స్కీ నటశిక్షణ: విడివడిన గ్రంథం, విడివడిన అవగాహన

ఆధునిక నటశిక్షణకు క్రమబద్ధమైన రూపమిచ్చిన రష్యన్ నటుడు, ప్రయోక్త స్తానిస్లావ్‌స్కీ (1863–1938). ఆయన పేరు వినగానే ‘భావస్మృతి’ గుర్తుకు వస్తుంది. నటుడు తన గతానుభూతిని స్మరించి పాత్రకు అన్వయించుకోవడమే ఆయన సిద్ధాంతసారమన్న అభిప్రాయం బలంగా నాటుకుంది. నిజానికి అది ఆయన బోధనలో ఒక దశ మాత్రమే. ఆ దశే సమగ్ర సిద్ధాంతంగా చెలామణి కావడానికి కారణాలు ఆయన జీవితంలోను, గ్రంథాల ప్రచురణక్రమంలోను ఉన్నాయి.

1898లో నెమిరోవిచ్-దాన్‌చెంకోతో కలిసి మాస్కో ఆర్ట్ థియేటర్‌ను నెలకొల్పిన స్తానిస్లావ్‌స్కీ, 1906 నాటికి తన నటన యాంత్రికమైపోయిందని గ్రహించారు. ఆ అసంతృప్తే శిక్షణాన్వేషణకు మూలం. భావస్మృతి భావనకు ఫ్రెంచి మనోవిజ్ఞానవేత్త రిబో పరిశీలనలు తోడ్పడ్డాయి. 1912లో ఏర్పడిన ప్రథమ స్టూడియోలో పనిచేసిన బొలెస్లావ్‌స్కీ అమెరికాలో ఈ దశనే బోధించాడు. అతని శిష్యుడు లీ స్ట్రాస్‌బర్గ్ భావస్మృతిని తన ‘మెథడ్’కు పునాది చేసుకున్నాడు.

అయితే 1934లో పారిస్‌లో తనను కలిసిన నటి స్టెల్లా ఆడ్లర్‌కు స్తానిస్లావ్‌స్కీ నాటకం కల్పించే పరిస్థితులకు, పాత్ర చేసే చర్యకు ప్రాధాన్యమిచ్చి బోధించారు. చివరి సంవత్సరాలలో ఆయన ‘శారీరక చర్యల పద్ధతి’ని అభివృద్ధి చేశారు. భావాన్ని బలవంతంగా రప్పించరాదని, సరియైన చర్యను భావమే అనుసరిస్తుందని దాని సారాంశం.

ఈ పరిణామం ఆంగ్ల పాఠకులకు సకాలంలో అందలేదు. అంతరంగసాధనను వివరించే భాగం 1936లో వెలువడగా, శరీరం, వాక్కు గురించిన భాగం 1949లో వచ్చింది. పదమూడేళ్ల ఈ వ్యవధిలో సగం గ్రంథమే సంపూర్ణ సిద్ధాంతమన్న భావన స్థిరపడింది. 2008లో గాని బెనెడెట్టి అనువాదంలో రెండు భాగాలు ఒకే సంపుటిగా రాలేదు. అలాగని ఆయన తుదకు అంతరంగాన్ని నిరాకరించారనడమూ సరికాదు. మారింది గమ్యం కాదు, మార్గం.

తులనాత్మక పరిశోధనకు ఈ విచక్షణ అవసరం. స్తానిస్లావ్‌స్కీని సాత్త్వికాభినయంతో మాత్రమే పోల్చితే, ఆయన చరమదశను ఆంగిక, వాచికాభినయాల వెలుగులో పరిశీలించే అవకాశం పోతుంది. పైగా భరతుడు చెప్పిన స్తంభ, స్వేద, రోమాంచాది సాత్త్వికభావాలు సైతం శరీరంపైనే వ్యక్తమవుతాయి. భరతుని దృష్టి సామాజికుని రసానుభవంపై ఉండగా, స్తానిస్లావ్‌స్కీ దృష్టి ప్రధానంగా నటుని సాధనపై నిలిచింది. ఈ భేదాన్ని గుర్తించి, ఆయన బోధనలో ఏ దశను స్వీకరిస్తున్నామో స్పష్టపరచినప్పుడే పోలిక ప్రామాణికమవుతుంది.